కంట్రోల్-సి అన్నిచోట్లా ఒకటి కాదు



పోస్టు పెద్దది. రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా కూర్చున్నప్పుడు చదవండి. కంప్యూటర్స్ చదివేవాళ్ళకి కొంచెం ఎక్కువ పనికొస్తుంది. కానీ ఆర్ట్స్ వాళ్ళు కూడా వదిలేయకండి, ఇందులో మన అందరి విషయం ఉంది.

మా హాస్టల్ వాళ్ళం నలుగురం కలిసి కోయ మాటల్ని దాచే ఒక చిన్న ప్రోగ్రాం చేస్తున్నాం. ఒక మాట రాసి, దాని అర్థం తెలుగులో రాసి, ఊళ్ళో పెద్దవాళ్ళ గొంతుతో ఆ మాటని రికార్డు చేసి పక్కన పెట్టొచ్చు. అంతే, అంతకుమించి గొప్పదేం కాదు. అసలు కోడ్ మా సీనియర్ అన్న రాశాడు. పైథాన్‌లో, క్యూటీ అనే టూల్‌కిట్ వాడి. నాకు అప్పజెప్పిన పని మెనూలు, కీబోర్డు షార్ట్‌కట్లు. "అదేముంది, రెండ్రోజుల పని" అన్నారు. సెమిస్టర్ సెలవులన్నీ పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పడానికే ఇది రాస్తున్నా.

మా ప్రోగ్రాం మూడు రకాల కంప్యూటర్లలో నడవాలి. ఊళ్ళో ఆశ్రమ పాఠశాల సార్ దగ్గర ఉన్నది విండోస్ లాప్‌టాప్. మా హాస్టల్లో ఉన్నవి పాత డెస్క్‌టాప్‌లు, వాటిలో ఉబుంటు లైనక్స్ వేశారు. మాటల్ని సరిచూసి పెడతానన్న భాషాశాస్త్రం మేడమ్ వాడేది ఆపిల్ మాక్. క్యూటీతో రాస్తే ఒకే కోడ్ మూడింటిలోనూ నడుస్తుంది. ఆ మాట నిజమే. కానీ నడవడం వేరు, ఆ కంప్యూటర్ అలవాట్లకి తగ్గట్టు ఉండడం వేరు. చుట్టం ఇంటికి రావడం ఒక సంగతి, వచ్చాక చెప్పులు ఎక్కడ విడవాలో, కాళ్ళు ఎక్కడ కడుక్కోవాలో తెలుసుకుని మసలడం ఇంకో సంగతి. ప్రోగ్రాం కూడా అలాంటిదే.

ముందు వేళ్ళ సంగతి చెప్తా. కాపీ చేయడానికి కంట్రోల్-సి, పేస్టుకి కంట్రోల్-వి అని మనం ఎక్కాల్లాగా కంఠతా పట్టాం కదా. ఇవి ఎక్కడినుంచి వచ్చాయో తెలుసా? కట్, కాపీ, పేస్ట్ అనే పద్ధతిని 1970లలో అమెరికాలో జెరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో లారీ టెస్లర్ అనే ఆయన, తోటివాళ్ళతో కలిసి తయారుచేశాడు. 1980లో ఆయన ఆపిల్‌కి వెళ్ళాడు. 1983లో ఆపిల్ తెచ్చిన లీసా అనే కంప్యూటర్లో జడ్, ఎక్స్, సి, వి అక్షరాలు ఈ పనులకి కుదిరాయి. కీబోర్డు చూడండి, నాలుగూ కింది వరసలో పక్కపక్కనే ఉంటాయి. ఒక చేత్తో మౌస్ పట్టుకుని రెండో చేత్తో నొక్కొచ్చు. వి అనే అక్షరానికీ పేస్టుకీ ఇంగ్లీషులో కూడా సంబంధం లేదు. పక్కన ఉంది, అంతే.

ఆపిల్ వాళ్ళు ఈ అక్షరాలకి తోడుగా కంట్రోల్ కీ వాడలేదు. తమకంటూ వేరే కీ పెట్టుకున్నారు, ఇప్పుడు దాన్ని కమాండ్ అంటారు. దానిమీద నాలుగు మూలలా చుట్టలు తిరిగిన గుర్తు ఉంటుంది. నేను మొదటిసారి మేడమ్ లాప్‌టాప్ మీద చూసినప్పుడు ఇదేంటి ముగ్గు వేశారు అనుకున్నా. 1984 మాకింతోష్ కోసం సూసన్ కేర్ అనే చిత్రకారిణి ఒక గుర్తుల పుస్తకం వెతికి దీన్ని పట్టుకుందట. స్వీడన్ లాంటి దేశాల్లో చూడదగ్గ చోటు ఇక్కడుంది అని చెప్పడానికి దారిపక్కన పెట్టే గుర్తు అది.

ఇంకోవైపు ఐబీఎం కంపెనీ 1987లో తన పద్ధతులు తను రాసుకుంది. అందులో కాపీ అంటే కంట్రోల్-ఇన్సర్ట్, పేస్ట్ అంటే షిఫ్ట్-ఇన్సర్ట్, కట్ అంటే షిఫ్ట్-డిలీట్. మూసేయడానికి ఆల్ట్-ఎఫ్4, సాయానికి ఎఫ్1. తర్వాత మైక్రోసాఫ్ట్ ఆపిల్ అక్షరాలు తీసుకుని వాటికి కంట్రోల్ తగిలించింది, ఐబీఎం వాటినీ వదల్లేదు. ఈ రోజుకీ విండోస్‌లో షిఫ్ట్-ఇన్సర్ట్ కొడితే పేస్ట్ అవుతుంది. మీ కీబోర్డులో వి అరిగిపోతే ఇది వాడండి, మా హాస్టల్లో రెండు కీబోర్డులకి అదే గతి.

ఈ కథంతా ఎందుకు చెప్పానంటే, షార్ట్‌కట్లనేవి ప్రకృతి ధర్మాలు కావు. రెండు మూడు కంపెనీలు నలభై ఏళ్ళ కిందట తలో రకంగా తీసుకున్న నిర్ణయాలు. ఈ సంగతి మనలాంటివాళ్ళకి ఎవరూ చెప్పరు. ఇంట్లో చిన్నప్పట్నుంచీ కంప్యూటర్ ఉన్నవాళ్ళకి తేడా వచ్చినప్పుడు "ఈ సాఫ్ట్‌వేర్ బాగోలేదు" అనిపిస్తుంది. పదిహేడో ఏట మొదటిసారి మౌస్ పట్టుకున్న మనకి "నాకు రాదు" అనిపిస్తుంది.

మా ఫస్టియర్ చెల్లెలు ఒకమ్మాయి సంగతి చెప్తా. కాలేజీ ల్యాబ్‌లో విండోస్ మీద నేర్చుకుంది. ఒకటి చేసి వద్దనుకుంటే కంట్రోల్-జడ్, మళ్ళీ కావాలంటే కంట్రోల్-వై అని నోట్సులో ఎర్ర పెన్నుతో రాసుకుంది. హాస్టల్లో ఉబుంటు మీద ఒక ఎడిటర్లో కంట్రోల్-వై కొట్టింది, ఏమీ కాలేదు. మూడుసార్లు కొట్టింది. నోట్సు తెరిచి చూసి మళ్ళీ కొట్టింది. తర్వాత నా దగ్గరికొచ్చి "అక్కా, నేను గట్టిగా నొక్కట్లేదా?" అని అడిగింది. అక్కడి పద్ధతి కంట్రోల్-షిఫ్ట్-జడ్ అని చూపించా. ఆ పిల్ల ముఖంలో కోపం రాలేదు, సిగ్గు వచ్చింది. నాకైతే ఆ సిగ్గు చూసి బాధేసింది. తనకి రానిది ఏమీ లేదు అక్కడ.

ఇంకొకటి, ఇది చాలామందికి జరిగేదే. లైనక్స్ టెర్మినల్లో ఏదో నడుస్తుంటుంది, అందులో ఒక లైను కాపీ చేద్దామని కంట్రోల్-సి కొడతాం. నడుస్తున్నది కాస్తా ఆగిపోతుంది. ఎందుకంటే కాపీ అనేది పుట్టకముందే టెర్మినళ్ళలో కంట్రోల్-సి అంటే "ఆపు" అని అర్థం. ముందొచ్చినవాడి హక్కు. అందుకే అక్కడ కాపీకి కంట్రోల్-షిఫ్ట్-సి. మాక్‌లో ఈ తగవే లేదు, అక్కడ కాపీకి కమాండ్ కీ వేరే ఉంది కాబట్టి కంట్రోల్ తన పాత పని తను చేసుకుంటుంది.

ఇప్పుడు మా ప్రోగ్రాం దగ్గరికి వస్తా.

మొదటి పని షార్ట్‌కట్లు. కోడ్‌లో "కంట్రోల్-వై" అని అక్షరాలా రాసేస్తే అది మూడుచోట్లా కంట్రోల్-వై గానే ఉండిపోతుంది. అలా కాకుండా క్యూటీలో "మళ్ళీ చేయి అనే పనికి ఇక్కడి వాడుక ఏదో అది పెట్టు" అని చెప్పే వీలుంది. స్టాండర్డ్ కీ అంటారు. అలా రాస్తే విండోస్‌లో కంట్రోల్-వై వస్తుంది, ఉబుంటులో కంట్రోల్-షిఫ్ట్-జడ్ వస్తుంది, మాక్‌లో కమాండ్-షిఫ్ట్-జడ్ వస్తుంది. బయటికి వెళ్ళడం కూడా అంతే. మాక్‌లో కమాండ్-క్యూ, లైనక్స్‌లో కంట్రోల్-క్యూ. విండోస్‌లో క్యూ వాడుక లేదు, ఆల్ట్-ఎఫ్4 ఉంది. మనం సొంతంగా పెట్టుకున్న షార్ట్‌కట్లకి కూడా, కోడ్‌లో కంట్రోల్ అని రాస్తే మాక్‌లో క్యూటీ దాన్ని కమాండ్‌గా తీసుకుంటుంది. ఎలక్ట్రాన్‌తో ప్రోగ్రాంలు చేసేవాళ్ళకి కూడా ఇలాంటి ఏర్పాటే ఉంది. అక్కడ "కమాండ్ ఆర్ కంట్రోల్" అని రాస్తారు.

రెండో పని మెనూలు ఎక్కడుండాలి అన్నది. విండోస్‌లో ప్రతి కిటికీకీ దాని నెత్తిమీద దాని మెనూ ఉంటుంది. మాక్‌లో అలా కాదు. స్క్రీన్ పైఅంచున ఒకటే మెనూ పట్టీ, ఏ ప్రోగ్రాం ముందుంటే దాని మెనూ అక్కడికి వస్తుంది. అందులో మొదట ప్రోగ్రాం పేరుతో ఒక మెనూ ఉంటుంది. ఈ ప్రోగ్రాం ఏంటి అన్న వివరం, సెట్టింగులు, బయటికి వెళ్ళడం, మూడూ అందులోనే ఉండాలి. విండోస్‌లో అయితే వివరం హెల్ప్ కింద, బయటికి వెళ్ళడం ఫైలు కింద, సెట్టింగులు చాలావాటిలో టూల్స్ కింద ఉంటాయి. మాక్ అలవాటున్న మనిషి ఫైలు మెనూలో "బయటికి" కోసం వెతకదు. అక్కడ కనపడితే ఇది మన ఊరి సరుకు కాదని వెంటనే పోల్చుకుంటుంది.

ఇక్కడ క్యూటీ ఒక తెలివైన పని చేస్తుంది. మెనూలోని మాట అబౌట్ అనో, సెట్టింగ్స్ అనో, ప్రిఫరెన్సెస్ అనో, క్విట్ అనో మొదలైతే, మాక్‌లో దాన్ని తనంతట తనే ప్రోగ్రాం పేరున్న మెనూలోకి జరిపేస్తుంది. మాటని చూసి ఊహిస్తుందన్నమాట. కానీ మా మెనూలు తెలుగులో ఉన్నాయి. "అమరికలు", "బయటికి", "మా గురించి" అని రాశాం. తెలుగు మాట చూసి అది ఏం ఊహిస్తుంది? కాబట్టి ప్రతిదానికీ విడిగా, ఇది సెట్టింగుల పాత్ర, ఇది బయటికి వెళ్ళే పాత్ర అని చెప్పాలి. మెనూ రోల్ అంటారు దాన్ని. మీరు మీ భాషలో మెనూలు పెడితే ఇది గుర్తుంచుకోండి. ఊహ అనేది ఇంగ్లీషు వాళ్ళకి ఊరికే దొరికే సౌకర్యం, మనం అడిగి తీసుకోవాలి. అడిగితే మాత్రం ఇస్తుంది, ఒక్క లైను కోడ్.

మూడో పని చాలా చిన్నదిగా కనిపిస్తుంది. నాకు నిద్ర లేకుండా చేసింది అదే. ఏదైనా తొలగించేముందు ప్రోగ్రాం అడుగుతుంది కదా, "సరే", "వద్దు" అని రెండు బటన్లు. విండోస్‌లో సరే ముందు, వద్దు దాని తర్వాత. మాక్‌లోనూ, ఉబుంటులో ఉండే గ్నోమ్‌లోనూ తిరగేసి ఉంటుంది. వద్దు ముందు, సరే కుడిచివర. క్యూటీలో బటన్ల పెట్టె అని ఒకటుంది, దానికి ఏ బటన్ ఏ పనికో చెప్తే ఆ కంప్యూటర్ వరస ప్రకారం అదే సర్దుతుంది. సర్దింది. మూడుచోట్లా పద్ధతి ప్రకారం వచ్చింది. నేను సంతోషించా.

అప్పుడు ఆశ్రమ పాఠశాల సార్ హాస్టల్‌కి వచ్చారు, మా ఉబుంటు మీద కూర్చుని చూశారు. ఒక రికార్డింగ్ మీద తొలగించు నొక్కి, ప్రశ్న రాగానే కుడివైపు బటన్ మీదికి మౌస్ తీసుకెళ్ళి ఆగారు. "కుడిది వద్దు కదమ్మా?" అన్నారు. ఆయన లాప్‌టాప్‌లో కుడిది వద్దు. ఇక్కడ కుడిది సరే. చదివారు కాబట్టి ఆగారు. రోజూ యాభై మాటలు సరిచూసేవాళ్ళు చదవరు, చేతివాటంగా నొక్కుతారు.

ఆ రికార్డింగ్ మా చింతూరు వైపు ఊరి పెద్దమ్మది. ఇప్పపువ్వు ఏరే కాలంలో వాడే మాటలు ఇరవై దాకా చెప్పింది. ఆమె చలికాలంలో పోయింది. ఆ గొంతు మళ్ళీ రికార్డు చేయలేం.

అందుకని అప్పుడు నలుగురం కూర్చుని చాలాసేపు వాదించుకున్నాం. అన్న ఏమన్నాడంటే, "మన ప్రోగ్రాం అన్నిచోట్లా ఒకేలా ఉంచుదాం, ఒకసారి నేర్చుకుంటే చాలు కదా." వినడానికి న్యాయంగానే ఉంది. నేను ఒప్పుకోలేదు. మేడమ్ మా ప్రోగ్రాం రోజుకి గంట వాడుతుంది, మిగతా రోజంతా ఆ మాక్‌లో వేరే ప్రోగ్రాంలు వాడుతుంది. ఆమె చెయ్యి అలవాటుపడేది వాటికి, మనదానికి కాదు. మనదొక్కటే వేరే వరసలో ఉంటే తడబడేది అక్కడే. సార్ పరిస్థితీ అంతే, ఆయన విండోస్‌లోనే ఉంటారు. ఎవరింట్లో వాళ్ళకి ఆ ఇంటి పద్ధతే మేలు.

కానీ అన్న మాటలో నిజం కూడా ఉంది. మనలాంటివాళ్ళకి సొంత కంప్యూటర్ ఉండదు. పొద్దున కాలేజీ ల్యాబ్‌లో విండోస్, సాయంత్రం హాస్టల్లో ఉబుంటు, ఊరికి పోతే సార్ లాప్‌టాప్. ఒక కంప్యూటర్‌కి ఒక మనిషి అనుకుని ఈ పద్ధతులన్నీ రాశారు. నలుగురికి ఒక కంప్యూటర్, ఒక మనిషికి మూడు కంప్యూటర్లు అనే లెక్క వాళ్ళకి తట్టలేదు.

చివరికి ఇలా తేల్చుకున్నాం. బటన్ల వరస, మెనూల చోటు, షార్ట్‌కట్లు, ఇవన్నీ ఏ కంప్యూటర్‌కి ఆ కంప్యూటర్ పద్ధతే. కానీ పాడైతే తిరిగి రానిదాన్ని వరస మీద, అలవాటు మీద వదలకూడదు. అందుకని "సరే" అనే మాట తీసేశాం. బటన్ మీద "రికార్డింగ్ తొలగించు" అనీ, రెండోదాని మీద "ఉంచు" అనీ రాశాం. ఏది ఏ పక్కనున్నా చదివితే తెలుస్తుంది. ఊరికే ఎంటర్ కొడితే "ఉంచు" పడుతుంది. తొలగించడానికి కీబోర్డు షార్ట్‌కట్ అసలు పెట్టలేదు. తొలగించినది కూడా వెంటనే పోదు, పక్కన ఒక ఫోల్డర్‌లో ఉంటుంది, వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఇంకో చిక్కు మన లిపిది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో తెలుగు టైపు చేసేటప్పుడు, సి అని ఉన్న కీ నొక్కితే "మ" పడుతుంది, వి కీ నొక్కితే "న" పడుతుంది. మరి అప్పుడు కంట్రోల్ పట్టుకుని సి కీ నొక్కితే ఏమవ్వాలి? కాపీ అవ్వాలి. కొన్ని ప్రోగ్రాంలు ఏ కీ నొక్కామన్నది కాకుండా ఏ అక్షరం వచ్చిందన్నది చూస్తాయి. వాటికి మనం కంట్రోల్-మ కొట్టినట్టు. అలాంటి షార్ట్‌కట్ ఏదీ లేదు కాబట్టి ఊరుకుంటాయి. కాపీ కోసం ప్రతిసారీ కీబోర్డుని ఇంగ్లీషుకి మార్చి మళ్ళీ తెలుగుకి రావాలి. రష్యన్ వాళ్ళకీ గ్రీకు వాళ్ళకీ కూడా ఇదే తలనొప్పి. మీరు ప్రోగ్రాం చేస్తే కీబోర్డు తెలుగులో పెట్టి అన్ని షార్ట్‌కట్లూ ఒకసారి కొట్టి చూడండి. ఇంగ్లీషులో మాత్రమే చూసి సరిపోయింది అనుకునేవాళ్ళు చాలామంది.

మనవాళ్ళలో "ఏ ఎండకా గొడుగు" అనేది తిట్టు. సాఫ్ట్‌వేర్‌కి మాత్రం అదే మంచి గుణం అని ఈ పనిలో అర్థమైంది. హాస్టల్‌కి వచ్చిన మొదటి ఏడాది మనం ఎంత మార్చుకున్నామో ఆలోచించండి. తినే వేళలు మార్చుకున్నాం, మాట మార్చుకున్నాం. క్లాసులో నోరు తెరిచేముందు ఈ మాట తెలుగా, మన మాటా అని లోపల ఒకసారి సరిచూసుకునేవాళ్ళం. నేనైతే ఇప్పటికీ సరిచూసుకుంటా. మనిషి అంత సర్దుకుంటున్నప్పుడు కనీసం యంత్రం మీదున్న ప్రోగ్రాం అయినా మన వేళ్ళకి తగ్గట్టు సర్దుకోవాలి కదా. దానికి అయ్యే కష్టం ఒకసారి రాసే ఐదారు లైన్లు. అది సర్దుకోకపోతే ఆ కష్టం వాడే ప్రతి మనిషికీ, ప్రతి రోజూ పడుతుంది. అందులో కొందరు గట్టిగా నొక్కలేదేమో అని తమనే అనుమానించుకుంటారు.

సర్దుకోవాల్సింది పైపైన ఉన్న మెనూ మాత్రమే, ఇది కూడా చెప్పాలి. లోపల ఉన్న మాటల జోలికి పోలేదు. తెలుగులో ఏరు అంటే పారే వాగు. మన కోయలో ఏర్ అంటే నీళ్ళు, కుండలో ఉన్నా సరే. పరీక్షించడానికి చూసిన ఒకాయన ఇది అచ్చుతప్పు అనుకుని "ఏరు" అని దిద్దమన్నారు. దిద్దలేదు. బటన్ ఎడమకి పోయినా కుడికి పోయినా మాకు అభ్యంతరం లేదు. ఆ మాట మాత్రం విండోస్‌లోనూ, ఉబుంటులోనూ, మాక్‌లోనూ ఏర్ అనే ఉంటుంది.

మీలో ఎవరైనా సవర, కువి, గోండి, కొలామి, ఏ మాటల కోసమైనా ఇలాంటిది చేయాలనుకుంటే కామెంట్ పెట్టండి. మా మెనూల ఫైలు ఇస్తా, మాటలు మార్చుకుంటే చాలు, పాత్రలు, వరసలు అన్నీ అందులో ఉన్నాయి. కోడ్ రానివాళ్ళు కూడా ఒక సాయం చేయొచ్చు. ప్రోగ్రాం తెరిచి పది నిమిషాలు వాడి, మీ చెయ్యి ఎక్కడ ఆగిందో చెప్పండి. "నాకు రాలేదు" అని మాత్రం రాయకండి. ఏ కంప్యూటర్, ఏ కీ నొక్కారు, ఏం జరుగుతుందనుకున్నారు, ఏం జరిగింది, ఈ నాలుగూ రాస్తే చాలు, మిగతాది మేం చూసుకుంటాం.